పెరుగుకి సూది మందు

ఒక పెద్ద అడవిలో పాల సంఘం ఒకటి ఉండేది. ఎంత పెద్ద అడవి, ఏ జిల్లా అని అడక్కండి. నేను అడవిని చూసింది బట్టల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు మీదే. పశువుల సంగతి రాయడానికి నీకేం అర్హతుందయ్యా అంటారా, ఇంట్లో నన్ను దున్నపోతు అనే పిలుస్తారు. ఆ మాత్రం చాలనుకుంటాను.

ఆ అడవినేలే పులికి వయసు మీద పడింది. కోరలు అరిగాయి. అంతకన్నా పెద్ద చిక్కు, కడుపులో మంట. మాంసం ముక్క దిగితే చాలు, గుండెల దాకా ఎగదన్నేది. ఒకరోజు ఎవరో పెరుగు తాగించారు. మంట చల్లారింది. ఆ రోజే పులి పశువుల్ని పిలిచి ఒప్పందం చేసుకుంది.

"రోజూ పొద్దున్నే నాకు తొట్టెడు గడ్డపెరుగు రావాలి. వచ్చినన్నాళ్ళూ మీ జోలికి రాను. రాని రోజున మాత్రం, ఏ పశువు వల్ల రాలేదో ఆ పశువు రావాలి. అరుగుతుందా లేదా అన్నది నా బాధ, మీకొద్దు."

ఆ పెరుగు నడిపించడానికే పాల సంఘం పుట్టింది. అధ్యక్ష పదవి ఎలుగుబంటిది. ఎలుగుబంటి పాలివ్వదు కదా, దానికి పదవేమిటని అమాయకంగా అడక్కండి. పాలిచ్చేవాళ్ళకి పాలివ్వడంతోనే సరిపోతుంది, అధ్యక్షత వహించే తీరికెక్కడిది? సెక్రటరీ తొండ. తల ఊపడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అధ్యక్షులవారు అవునన్నా ఊపేది, కాదన్నా ఊపేది, తుమ్మినా ఊపేది.

డాక్టరు కొంగ. పట్నంలో పశువుల ఆసుపత్రి వెనక ఒక మురుగ్గుంట ఉంది. అందులో చేపల కోసం ఒంటికాలి మీద నిలబడి, కిటికీలోంచి చూసి చూసి వైద్యం నేర్చుకుంది. నేను రాయడం నేర్చుకున్నదీ ఇంచుమించు ఇలాగే. కాకపోతే నా వల్ల ఇంతవరకూ పశువులకేమీ కాలేదు. చదివినవాళ్ళ సంగతి చెప్పలేను.

సంఘానికి ప్రాణం బొల్లి అనే ఆవు. నుదుట తెల్లమచ్చ, నిదానం మనిషి. మనిషి అన్నాను, క్షమించండి, అలవాటు. తొట్టిలో సగం పాలు దానివే. పాకలో దాని పక్క రాటకి కట్టేది కాటుక అనే గేదెని. కాటుకకి నోరు పెద్దది, గుండె చిన్నది. తుమ్మముల్లు చూసినా కళ్ళు తిరిగేవి.

ఇక పాక సంగతి. ఆ చుట్టుపక్కల ఎత్తైన పొడి జాగా ఒక్కటే ఉంది. అక్కడ సంఘం ఆఫీసు కట్టారు. కింద పల్లంలో పశువుల పాక వేశారు. వానాకాలం వస్తే ఆఫీసు మీద పడ్డ నీళ్ళు పాకలోకి వచ్చేవి. పాకలో నీళ్ళు ఎక్కడికీ పోయేవి కావు. పేడా, మట్టీ, నీళ్ళూ కలిసి మోకాలి లోతు బురద. పశువులు అందులోనే పడుకునేవి, అందులోనే లేచేవి.

ఆ బురదలోంచే బొల్లికి రోగం పట్టుకుంది. పొదుగు ఎర్రగా వాచింది. చెయ్యి వేస్తే కాలిపోతోంది. పాలు గడ్డలు గడ్డలుగా దిగాయి.

ఇక్కడ మనం కాసేపు బొల్లి పొదుగులోకి వెళ్ళాలి. ఎలుగుబంటి పాల సంఘానికి అధ్యక్షుడంటే నమ్మారు కదా, ఇదీ నమ్మండి. ప్రతి పశువు ఒంట్లోనూ కంటికి ఆనని తెల్లటి తలారులు ఉంటారు. పగలూ రాత్రీ పహరా కాయడం వాళ్ళ పని. బయటినుంచి దొంగ దూరితే పట్టుకుంటారు. పట్టుకుని స్టేషనుకి తీసుకెళ్ళరు, అక్కడే మింగేస్తారు. అందుకే అక్కడ కేసులు పెండింగులో ఉండవు.

బొల్లి పొదుగులో పెద్ద తలారి పేరు ముత్యాలు. అతని కింద నూకరాజు.

"ఒరే నూకరాజూ, వెనక ఎడమ చన్ను దగ్గర అలికిడవుతోందిరా!"

"బురదలోంచి దూరారు గురూ. ఒకడూ ఇద్దరూ కాదు, జాతర్లా వస్తున్నారు!"

"అయితే మనమూ జాతర చేద్దాం. అందర్నీ లేపు!"

తలారులు ఒంట్లోని నలుమూలల్నించీ పరుగెత్తుకొచ్చారు. జ్వరం వచ్చిందంటే వాళ్ళు పొయ్యి రాజేశారన్నమాట. వాచిందంటే జనం కిక్కిరిశారన్నమాట. పోరాటం గట్టిగానే జరిగింది. కానీ దొంగలు మరీ ఎక్కువైపోయారు.

సరిగ్గా అప్పుడు కొంగ డాక్టరు పట్నం ఆసుపత్రి నుంచి ఒక పెద్ద మందు సీసా ఎత్తుకొచ్చింది. ముక్కు సీసాలో ముంచి, బొల్లి మెడమీద పొడిచింది. నాలుగు రోజులు వరసగా, నిండుగా పొడిచింది.

మందు లోపలికి దిగిందో లేదో దొంగలు గుట్టలుగా పడిపోయారు. మిగిలిన వాళ్ళని తలారులు ఏరుకుని తిన్నారు. ముత్యాలు చెమట తుడుచుకుని మందుకి దణ్ణం పెట్టాడు.

"వేళకి దేవుళ్ళా వచ్చావు దొరా!"

బొల్లి లేచి నిలబడింది, మేత మేసింది, పాలిచ్చింది. నిజం నిజమే చెప్పుకోవాలి. ఆ రోజు కొంగ సూది వెయ్యకపోతే బొల్లి దక్కేది కాదు. మంచి పని జరిగింది. మంచి పని జరిగిన చోట ఊరుకుంటే అది సంఘం ఎందుకవుతుంది? వెంటనే మీటింగు పెట్టారు.

"డాక్టరుగారి సూదితో బొల్లి బతికింది. అయితే ఒక లోపం నా దృష్టికి వచ్చింది," అంది ఎలుగుబంటి, మెడలో దండ సర్దుకుంటూ. "ఆవుకి రోగం వచ్చింది! రోగం వచ్చాక మందు వేస్తే సంఘానికేం గౌరవం? రాకముందే వేసెయ్యాలి. అందరికీ వెయ్యాలి."

తొండ తల ఊపింది.

బొల్లి లేచింది. "బాబుగారూ, సూదులు సరే గానీ, ఆ బురద కాస్త ఎత్తించండి. రోగమంతా అందులోంచే వస్తోంది. లేదంటే మమ్మల్ని ఆ పొడి జాగాలోకి మార్చండి."

"అక్కడ ఆఫీసుంది కదమ్మా. ఆఫీసే బురదలో ఉంటే మీ బురద సమస్య ఎవరు వింటారు?"

"పోనీ, బురదైనా…"

"చూడు తల్లీ," అంది ఎలుగుబంటి జాలిగా. "బురద ఎత్తితే ఏం కనిపిస్తుంది? నేల కనిపిస్తుంది. నేలకి ప్రారంభోత్సవం ఎలా చేస్తాం? అదే సూదనుకో, అందరికీ కనిపిస్తుంది. గుచ్చుకుంటుంది. పశువు అరుస్తుంది. పని జరుగుతోందని అడివంతా తెలుస్తుంది."

కొంగ గొంతు సవరించుకుంది. "మందు రోగాన్ని చంపుతుంది. రోగమే లేని పశువులో ఏం చంపుతుందని కొందరు అడగొచ్చు."

"ఏం చంపుతుంది?" అంది ఎలుగుబంటి.

కొంగ ఒంటికాలు మార్చింది. "రాబోయే దాన్ని."

తొండ ఈసారి నడుం దాకా ఊగిపోయింది. పథకం పాసయిపోయింది.

ఒక్కటే ఇబ్బంది. పశువులేమో పెద్ద మంద, సీసా ఒక్కటే. అందుకని కొంగ గుళ్ళో తీర్థం ఇచ్చినట్టు తలా కాస్త పొడవడం మొదలెట్టింది. రోగానికి చాలదు, లేదనడానికి వీల్లేదు. సూది పడని పాలు తొట్టిలో పొయ్యకూడదని సంఘం రూలు కూడా పెట్టింది.

కాటుకకి ఈ సంగతి తెలిసిన క్షణంలోనే కళ్ళు తిరిగాయి. తెప్పరిల్లాక చెరువులోకి దూకింది. దాన్ని చూసి మిగతా గేదెలూ దూకాయి. ముక్కులు మాత్రమే పైకి పెట్టి పడుకున్నాయి.

బొల్లి గట్టు మీదికొచ్చి పిలిచింది. "రా వదినా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"చీమని చూసినా నాకు భయమే వదినా. ఆ కొంగ ముక్కు చూశావా, మూరెడుంది! నా ఒంట్లో మూరెడు చోటు ఖాళీ లేదు."

"అందరూ వేయించుకుంటున్నారే."

"అందరి ధైర్యం అందరికీ ఉండనీ. నేను పిరికిదాన్నే. రాసి ఇమ్మంటే రాసిస్తాను."

గేదెల పాలు తొట్టి ఎక్కకుండా పోయాయి. దూడలు తాగి బలిశాయి.

ఇటు బొల్లి పొదుగులో కొత్త కాపురం మొదలైంది. ఏ దొంగా లేకుండానే మందు దొర వచ్చి కూర్చున్నాడు. మొదట్లో ముత్యాలు మర్యాదకి లేచి నిలబడేవాడు. తర్వాత కూర్చునే దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత గీతలు గీసి పులీ మేకా ఆట పరిచాడు.

"పహరా కాయొద్దా గురూ?" అన్నాడు నూకరాజు.

"దొరున్నాడు కదరా. మనం కర్రలు పట్టుకు తిరిగితే ఆయన్ని నమ్మనట్టుంటుంది. ఆడు, నీ మేకని కదుపు."

పాత తలారులకి కర్ర తిప్పడం మరపుకొచ్చింది. కొత్తగా చేరిన కుర్ర తలారులైతే దొంగ మొహమే ఎరగరు.

"దొంగంటే ఎలా ఉంటాడు మావా?" అనడిగాడో కుర్రాడు.

"మీసాలుంటాయని మా గురువుగారు చెప్పేవారు," అన్నాడు నూకరాజు ఆవలిస్తూ.

బయట బురదలో దొంగలు మాత్రం తీరిగ్గా లేరు. తీర్థమంత మందుకి అందరూ చావలేదు. మెత్తవాళ్ళు చచ్చారు, మొండివాళ్ళు మిగిలారు. మొండివాళ్ళకి పిల్లలు పుడితే ఎలా ఉంటారో చెప్పేదేముంది?

"మా తాతలు ఈ మందు వాసనకే చచ్చేవారంట," అన్నాడు ఒక దొంగ.

"ఇప్పుడో?"

"నాకైతే రెండు తుమ్ములొచ్చాయి. తర్వాత ఆకలేసింది."

ఈలోగా సంఘానికి అసలు దెబ్బ ఎవరూ చూడని వైపునుంచి తగిలింది. ఒక సాయంత్రం తొండ ఎప్పట్లాగే తొట్టిలో పాలు పోయించి, తోడు వేసి, మూత పెట్టింది. పొద్దున్న మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. మళ్ళీ తోడు వేసింది. మళ్ళీ అంతే.

పాలని పెరుగు చేసేవీ కంటికి ఆనని జీవులే. మందుకి దొంగెవరో దోస్తెవరో తెలీదు. ఆవు ఒంట్లోంచి పాలలోకి దిగింది. పాలలో ఉన్న తోడుని పట్టుకుని పీక నొక్కింది. ఈ మాత్రం ఇల్లాళ్ళకెవరికైనా అనుమానం వచ్చి ఉండేది. సంఘంలో ఇల్లాళ్ళు లేరు. ఎలుగుబంటీ, కొంగా, తొండా తొట్టి చుట్టూ నిలబడ్డాయి.

కొంగ కాలితో తొట్టిని తాకింది. పాలు తొణికాయి.

"చూశారా, ముట్టుకుంటే వణుకుతోంది! చలిజ్వరం," అంది కొంగ. "పెరుగుకి జబ్బు చేసింది."

"పెరుగుక్కూడా జబ్బులొస్తాయా?" అంది ఎలుగుబంటి.

"పథకంలో పెరుగుని చేర్చలేదు కదండీ. రాక ఏం చేస్తుంది?"

అధ్యక్షులవారు నుదురు కొట్టుకున్నారు. "ఎంత పొరపాటు జరిగింది! వెయ్యండి సూది!"

కొంగ తొట్టి చుట్టూ తిరుగుతూ నాలుగు వైపులా పొడిచింది. తొండ పక్కన నిలబడి, "కాస్త ఓర్చుకో, కాస్త ఓర్చుకో," అని తొట్టిని నిమిరింది. తోడులో కొన ఊపిరితో ఉన్న జీవులేవైనా ఉంటే అవి కూడా ఆ ఓదార్పు వింటూ కన్నుమూశాయి.

ఆ తొట్టినే పులి ముందు పెట్టారు. పులి మూతి ముంచింది. మీసాల మీంచి పాలు కారాయి.

"ఏమిటిది?"

"ద్రవ పెరుగండి ఏలినవారూ," అంది తొండ. "కొత్త రకం. నమిలే శ్రమ ఉండదు."

"పెరుగుని ఎవడు నములుతాడోయ్?"

తొండ తల ఊపింది. పులి ఆకలికి ఎలాగో తాగింది. సాయంత్రానికి కడుపులో మంటతో పాటు గడబిడ కూడా మొదలైంది. గుహలోంచి గర్జన వినిపించింది, మధ్యమధ్య వేరే చప్పుళ్ళూ వినిపించాయి. మర్నాడు కడుపు పట్టుకుని ఆఫీసుకే వచ్చేసింది.

"రేపు పొద్దున్న గడ్డపెరుగు ఉండాలి. లేదా ఎవరివల్ల లేదో వాళ్ళుండాలి," అని వెళ్ళిపోయింది.

అదే రోజు బొల్లికి మళ్ళీ పొదుగు వాచింది. బురదలోంచి మొండి దొంగలు దూరారు. తలుపు దగ్గర కుర్ర తలారి వాళ్ళని చూసి, మీసాలు లేవు కదా చుట్టాలేమో అనుకుని దారిచ్చాడు.

కొంగ పరుగున వచ్చి పొడిచింది. వాపు తగ్గలేదు. డోసు పెంచింది. తగ్గలేదు. సీసా తలకిందులుగా పట్టుకుని ఆఖరి చుక్క దాకా దించింది. దొంగలు తుమ్మను కూడా తుమ్మలేదు.

"మందు మంచిదే," అంది కొంగ, సీసా కింద పెట్టి. "ఆవే సరైంది కాదు."

ఎలుగుబంటి మొహం ఒక్కసారిగా తేటపడింది. వెతుకుతున్న పశువు దొరికింది. "అయితే పెరుగు తోడుకోకపోవడానికి కారణం బొల్లి పాలే అన్నమాట. పులిరాజుగారు అడిగింది ఎవరినో ఇప్పుడు తెలిసింది. సాయంత్రం సన్మానం పెట్టండి."

సన్మానం ఘనంగా జరిగింది. శాలువా కప్పారు. బంతిపూల దండ వేశారు. "బొల్లి చేసిన త్యాగం" అని ఎలుగుబంటి చాలాసేపు మాట్లాడింది. చెయ్యబోయే త్యాగాన్ని చేసినట్టే చెప్పడం దాని ప్రత్యేకత.

"నేనింకా ఏ త్యాగమూ చెయ్యలేదండీ. చెయ్యాలని కూడా లేదు," అంది బొల్లి, జ్వరంతో వణుకుతూ.

"నీ వినయమే నిన్ను ఇంతదాన్ని చేసింది," అంది ఎలుగుబంటి. అందరూ చప్పట్లు కొట్టారు.

చెరువు గట్టున కాటుక భోరుమంది. "వదినా, పిరికిదాన్ని నేను బతికి, ధైర్యంగా పొడిపించుకున్నదానివి నువ్వు పోతున్నావేంటే!"

"ఏడవకే. నా దూడకి పాలు పట్టు," అంది బొల్లి. నోరూరుకోక దండలో నాలుగు బంతిపూలు నమిలింది. నోరంతా చేదు.

ఆ సాయంత్రం ఆవులేవీ చేపలేదు. తోటి ఆవుని పులికి పంపుతుంటే ఎవరి పొదుగులోకి పాలు దిగుతాయి? ఎంత లాగినా చుక్క రాలేదు. తొండకి ముచ్చెమటలు పట్టాయి. పెరుగు లేకపోతే బొల్లి పోతుంది. తొట్టే ఖాళీగా ఉంటే తొట్టి చూసేవాడు పోతాడు. అందుకని రూలు పక్కన పెట్టి, చెరువు దగ్గరికి వెళ్ళి గేదెల కాళ్ళు పట్టుకుంది. సూది లేదని ఒట్టేయించుకుని గేదెలు బయటికొచ్చి పాలిచ్చాయి. తోడు ఏనాడో చచ్చింది కాబట్టి, మూల పారేసిన పాత కుండ అంచున అంటుకున్న పెరుగు చెక్కు గీకి అందులో వేసింది.

తెల్లారింది. పులి వచ్చింది. ఒక పక్క శాలువాతో బొల్లి, ఇంకో పక్క మూతపెట్టిన తొట్టి. పులి బొల్లిని చూసి పెదాలు తడుపుకుంది. మూత తీసింది.

గడ్డపెరుగు. పైన వేలెడు మందాన మీగడ.

పులి మూతి ముంచి మళ్ళీ ఎత్తలేదు. తొట్టి అడుగు నాకి, ఒక్కసారి త్రేన్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన త్రేన్పు. కళ్ళు చెమర్చాయి.

"ఆవు ఇంటికెళ్ళొచ్చు," అంది. "కానీ ఇంత గొప్ప పెరుగు ఎలా చేశారు?"

తొండ నోరు తెరిచేలోపు ఎలుగుబంటి ముందుకొచ్చింది. "అంతా మా సూది పథకం ఫలితమండి."

"మొన్న పెరుగుకి వేసిన సూది ఇవాళ పట్టిందండి," అంది కొంగ. "మంచి మందు కాస్త ఆలస్యంగానే పనిచేస్తుంది."

"పాలకే ఇంత మేలు చేసిందంటే," అంది పులి, పొట్ట నిమురుకుంటూ, "నా కడుపుకి ఎంత చెయ్యాలి! నాకూ వెయ్యి."

కొంగ ఒంటికాలు మార్చింది. "సీసా ఖాళీ అయిపోయిందండి."

"నీ ముక్కు నిండా అదే మందు కదా?"

"అవునండి, కానీ…"

"మెడమీద పొడిస్తే కడుపు దాకా ఎప్పుడు దిగుతుంది? నేరుగా కడుపులోనే వేసుకుంటాను."

అలా డాక్టరుగారు లోపలికి వెళ్ళారు. మంచి పెరుగు మీద దిగడం వల్ల కాబోలు, అరిగిపోయారు కూడా.

"ఈ పథకం అసలు ఎవరి బుర్రలో పుట్టింది?" అంది పులి, మూతి తుడుచుకుంటూ, మెచ్చుకోలుగా. "ఆ బుర్ర కూడా…"

వినడానికి ఎలుగుబంటి అక్కడ లేదు. ఆ పూటే అధ్యయన యాత్రకి బయల్దేరింది. ఇప్పటికీ అధ్యయనం చేస్తూనే ఉందని వినికిడి.

ఆఫీసు ఖాళీ అయింది. వానొచ్చిన ఒక మధ్యాహ్నం పశువులు ఎవర్నీ అడక్కుండా ఆ పొడి జాగాలోకి వెళ్ళి పడుకున్నాయి. మందు లేదు, డాక్టరు లేదు, బురద కూడా లేదు. బొల్లి పొదుగులో ముత్యాలు ఆటగీతలు చెరిపేశాడు.

"లేవండ్రా! దొర రాడు. మీసాలు చూడకండి, పని చూడండి!"

కీళ్ళు పట్టేసిన తలారులు కుంటుకుంటూ లేచారు. కుర్రాళ్ళు ముందు దెబ్బలు తిన్నారు, తర్వాత పట్టుకోవడం నేర్చుకున్నారు, ఆ తర్వాత మింగడం. చాలా రోజులు పట్టింది. వెనక ఎడమ చన్ను ఎండిపోయింది. అది ఇక పాలివ్వదు. మూడింటితోనే బొల్లి లేచి నిలబడి, దూడ కోసం అరిచింది.

"గురూ, మందు దొర చెడ్డోడా?" అన్నాడు నూకరాజు, కట్టు కట్టుకుంటూ.

"ఛ, బంగారంలాంటోడు. మొదటిసారి ఆయన లేకపోతే మనం లేం. పిలిస్తే రావాల్సిన చుట్టాన్ని తెచ్చి ఇంట్లో కాపురం పెట్టించారు. ఆయన పాడయ్యాడు, మనం పాడయ్యాం."

సంఘానికి కొత్త అధ్యక్షుడిగా తొండ ఎన్నికయింది. తొండ ముదిరితే ఏమవుతుందో మీకు తెలిసిందే. గద్దె ఎక్కగానే రెండు పనులు చేసింది. పథకానికి సహకరించకుండా చెరువులో దాక్కున్నందుకు కాటుకని సంజాయిషీ అడిగింది. కాటుక ఆ మాట వినగానే కళ్ళు తిరిగి మళ్ళీ చెరువులో పడింది. రెండోది, పశువులు పడుకున్న పొడి జాగాలో పెద్ద రాయి పాతించి, దానిమీద చెక్కించింది: "సూది పథకం వల్ల ఈ పాక రోగాలు లేని పాక అయినది."

నీతి: రోగం లేని చోట పనిచేసినంత గొప్పగా మందు ఇంకెక్కడా పనిచెయ్యదు.